రెండుసార్లు గడప దాటిన ఇమామ్ గజాలీ

చేయవలసిన పని ఏమిటో మనకు తెలియక కాదు. తెల్లవారుజామున లేవాలని తెలుసు. పిల్లవాడి చదువు దగ్గర రోజూ ఒక గంట కూర్చోవాలని తెలుసు. తీసికొన్న అప్పు తీర్చి వేయాలని తెలుసు. ఎన్నాళ్ళుగానో మాటలు లేని అన్నగారింటికి ఒకసారి వెళ్ళి రావాలని తెలుసు. ఐనా రంజాను రానీ చూద్దాం, అమ్మాయి పెళ్ళి కానీ చూద్దాం, రిటైరైన తర్వాత తీరికగా చూద్దాం అనుకొంటూ ఏళ్ళకు ఏళ్ళు గడిపేస్తాం. తెలియనివాడికి తెలిసినవాడు దారి చూపించగలడు. మరి తెలిసి కూడా కదలనివాణ్ణి కదిలించేదెవరు?

ఈ జబ్బు మనవంటి సామాన్యులకే గాని మహనీయుల దరికి రాదనుకొంటాం. అది నిజం కాదు. తొమ్మిది వందల ఏళ్ళ క్రిందట ఇస్లామీ ప్రపంచమంతటా పేరు మారుమోగిన ఒక మహాపండితుడు సరిగ్గా ఈ జబ్బుతోనే నెలల తరబడి నలిగిపోయాడు. ఈ సంగతి గిట్టనివాళ్ళెవరో పుట్టించింది కాదు. తన బలహీనతను ఏమాత్రం దాచుకోకుండా ఆయనే ఒక చిన్న గ్రంథంలో వ్రాసి పెట్టారు. ఆ గ్రంథం పేరు అల్ ముంఖిజ్ మినద్దలాల్. దారి తప్పటం నుంచి కాపాడేది అని దాని అర్థం. ఆ మహనీయుడే ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ అల్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్).

ఖురాసాన్ ప్రాంతంలో, నేటి ఇరాన్ దేశపు మషద్ నగరానికి దగ్గరలో తూస్ అనే పట్టణం ఉండేది. గజాలీ అక్కడ 1058లో (హిజ్రీ 450) జన్మించారు. తండ్రి ఉన్ని వడికి అమ్ముకొని పొట్టపోసుకొనే బీదవాడని జీవితచరిత్రకారులు చెబుతారు. ఆయనకు పెద్ద చదువు లేదు. కాని చదువుకున్నవాళ్ళంటే ప్రాణం. పండితుల సభలకు వెళ్ళి ఒక మూల కూర్చుని వినేవాడట, తన బిడ్డలు కూడా అట్లాంటివాళ్ళు కావాలని అల్లాహ్‌ను వేడుకొనేవాడట. అంత్యకాలం దగ్గరపడినప్పుడు ముహమ్మద్, అహ్మద్ అనే తన ఇద్దరు కొడుకులను ఒక సూఫీ మిత్రుడి చేతిలో పెట్టి, తాను కూడబెట్టిన కొద్దిపాటి సొమ్ము ఇచ్చి, ఇదంతా ఖర్చైపోయినా సరే వీళ్ళకు చదువు చెప్పించమని కోరి కన్నుమూశాడు.

ఆ సొమ్ము ఎన్నాళ్ళు వస్తుంది? కొంతకాలానికి అయిపోయింది. ఆ మిత్రుడూ పేదవాడే. చివరకు ఆయన పిల్లలిద్దరినీ కూర్చోబెట్టుకొని, మీరు మదర్సాలో చేరండి, అక్కడ చదువుతోపాటు తిండి కూడా దొరుకుతుంది అని సలహా చెప్పాడు. ఆ విధంగా ఇస్లామీ ప్రపంచానికి అంతటి ఇమామ్ దొరకడానికి మొదటి కారణం, అనాథలైన ఇద్దరు పిల్లలకు ఒక మదర్సా పెట్టిన అన్నం. చదువు మొదట అన్నం కోసం మొదలుపెట్టినా, ఆ చదువు మాత్రం చివరకు అల్లాహ్ కోసం కాకుండా పోనన్నదని తర్వాతి కాలంలో ఆయన చెప్పుకొనేవారట.

బాల్యంలోని మరొక ఉదంతం చెప్పుకొందాం. జుర్జాన్ అనే ఊళ్ళో చదువు ముగించుకొని ఇంటికి తిరిగి వస్తుండగా దారిలో దొంగలు పడి అన్నీ దోచుకొన్నారు. తక్కినవి పోతే పోయాయి, నేను వ్రాసుకొన్న కాగితాలు మాత్రం ఇచ్చేయండి, నా చదువంతా వాటిలోనే ఉన్నదని గజాలీ వెంటపడ్డారు. దొంగల నాయకుడు పకపకా నవ్వాడు. సంచీ పోతే పోయే చదువు కూడా ఒక చదువేనా అన్న ధోరణిలో ఎద్దేవా చేసి, ఆ కాగితాలు మాత్రం తిరిగి ఇచ్చాడు. ఆ దొంగ నోట అల్లాహ్‌యే ఆ మాట పలికించాడనుకొన్న గజాలీ తూస్ చేరి మూడేళ్ళపాటు ఆ పాఠాలన్నింటినీ కంఠస్థం చేశారు. కాగితం మీది చదువు వేరు, మనిషిలోని చదువు వేరు అని ఆ వయసులోనే తెలిసింది. కాని తలకెక్కిన చదువు నడవడిలోకి దిగటమనే మెట్టు ఇంకొకటి మిగిలి ఉన్నదని తెలియడానికి మరెన్నో ఏళ్ళు పట్టింది.

తర్వాత నైషాపూర్ వెళ్ళి ఇమాముల్ హరమైన్ అని ప్రసిద్ధి పొందిన జువైనీ దగ్గర శిష్యరికం చేశారు. 1085లో గురువుగారు పరమపదించాక, సల్జూక్ సుల్తానుల ప్రధానమంత్రి నిజాముల్ ముల్క్ కొలువులో చేరారు. నిజాముల్ ముల్క్ స్వయంగా విద్వాంసుడు. పెద్ద పెద్ద నగరాల్లో నిజామియా అనే పేరుతో మదర్సాలు కట్టించినవాడు. పండితుల చర్చల్లో గజాలీ ప్రతిభ చూసి ముగ్ధుడై, 1091లో ఆయనను బాగ్దాద్ నిజామియాకు ప్రధానాచార్యులుగా పంపాడు. అప్పటికి గజాలీ వయసు 33 ఏళ్ళు.

ఆ రోజుల్లో ఒక పండితుడికి అంతకంటే పెద్ద పీట లేదు. మూడు వందలమంది విద్యార్థులు ఆయన పాఠాలకు కూర్చునేవారు. ఖలీఫా గౌరవించేవాడు, వజీర్లు సలహా అడిగేవారు. గజాలీ బాగ్దాదులో కాలుపెట్టిన రోజున ఆయన దుస్తులూ వాహనమూ కలిపి 500 దీనార్ల విలువ చేస్తాయని చూసినవాళ్ళు లెక్కగట్టారట. ఒక ప్రక్క బోధన, మరొక ప్రక్క రచన. గ్రీకు తత్వశాస్త్రాన్ని ఎవరి సహాయమూ లేకుండా తీరిక వేళల్లో సొంతంగా చదివి, రెండేళ్ళు దాటకముందే దాని లోతులు చూసి, తత్వవేత్తల వాదాలను ఖండిస్తూ తహాఫుతుల్ ఫలాసిఫా అనే గొప్ప గ్రంథం వ్రాశారు. బయటినుంచి చూసేవాళ్ళకు ఆయనకు తక్కువైందంటూ ఏమీ లేదు.

లోపల మాత్రం వేరుగా ఉన్నది. సత్యాన్వేషణలో భాగంగా సూఫీ మహనీయుల గ్రంథాలు పట్టారు. అబూ తాలిబ్ మక్కీ, ముహాసిబీ మొదలైనవారి రచనలన్నీ చదివారు. చదివిన కొద్దీ ఒక విషయం స్పష్టమైంది. ఈ మార్గంలో చదివి తెలుసుకోగలిగింది తాను తెలుసుకొన్నారు. మిగిలింది చదివితే వచ్చేది కాదు, బ్రతికితే వచ్చేది. దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణ చాలా చక్కనిది. ఆరోగ్యానికి నిర్వచనం చెప్పగలగటం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. జబ్బుపడ్డ వైద్యుడికి ఆరోగ్యం అంటే ఏమిటో, దానికి మందేమిటో అన్నీ తెలుసు. కాని ఆరోగ్యం మాత్రం ఆయన దగ్గర లేదు.

ఇక తనను తాను పరీక్షించుకొన్నారు. తాను చేస్తున్న పనులన్నింటిలోనూ ఉత్తమమైనది బోధనే గదా, పోనీ దానిలోనైనా నా నియ్యత్ స్వచ్ఛంగా ఉన్నదా అని ప్రశ్నించుకొన్నారు. నిజాయితీగా వచ్చిన జవాబు ఏమిటంటే, అది అల్లాహ్ కోసం కాదు, పేరుప్రతిష్ఠల కోసం. విరిగిపడుతున్న ఏటిగట్టు అంచున నిలబడి ఉన్నానని ఆయనకు తోచింది.

అంత స్పష్టంగా తెలిసిన తర్వాతైనా వెంటనే లేచి కదిలారా అంటే, లేదు. 1095 జూలైలో, హిజ్రీ 488 రజబ్ నెలలో మొదలైన ఊగిసలాట ఆరు నెలలకు దగ్గర దగ్గరగా సాగిందని ఆయనే వ్రాసుకొన్నారు. ఒకనాడు బాగ్దాద్ విడిచిపోవాలని గట్టిగా నిశ్చయించుకొనేవారు, మర్నాడు ఆ నిశ్చయం సడలిపోయేది. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు. ఉదయం పూట పరలోక చింత బలంగా ఉంటే, సాయంత్రం అయ్యేసరికి ప్రాపంచిక వాంఛలు దండెత్తి వచ్చి దాన్ని చెల్లాచెదురు చేసేవి. ఇది వచ్చిపోయే మనోస్థితి, దీనికి లొంగి ఇంతటి పదవి వదులుకొంటే రేపు కావాలన్నా మళ్ళీ దొరకదు సుమా అని మనసు నచ్చజెప్పేది. ఇటువంటి మాటలు మన మనసు మనకు ఎన్నిసార్లు చెప్పలేదు?

మనిషి తేల్చుకోలేనప్పుడు కొన్నిసార్లు శరీరమే తేల్చేస్తుంది. ఒకరోజు పాఠం చెప్పడానికి కూర్చుంటే గజాలీ నాలుక కదలలేదు. ఎదురుగా శిష్యులు కూర్చుని ఉన్నారు. వాళ్ళ మనసు నొప్పించటం ఇష్టంలేక ఒక్కమాటైనా చెబుదామని ఎంత ప్రయత్నించినా నోరు పెగలలేదు. ఆ దిగులుతో తిండి సహించటం మానేసింది. గుక్కెడు నీళ్ళు దిగటం కష్టమైంది. మనిషి చిక్కి శల్యమయ్యాడు. వైద్యులు చూసి, ఇది మనసులో పుట్టి శరీరానికి ప్రాకిన జబ్బు, ఆ దిగులు తీరితే తప్ప మా మందులు పనిచేయవని చేతులెత్తేశారు.

అప్పుడు ఆయన, ఇక తన చేతిలో ఏమీ లేదని ఒప్పుకొని, దిక్కులేనివాడు ఆశ్రయించినట్లుగా అల్లాహ్‌ను ఆశ్రయించారు. నిస్సహాయుడి మొర ఆలకించేవాడు ఆయన మొర ఆలకించాడు. పదవి, ధనం, పరివారం వీటన్నింటినీ వదలటం మనసుకు ఒక్కసారిగా తేలికైంది.

ఇక్కడినుంచి గజాలీ చేసిన పనులు మనం శ్రద్ధగా గమనించాలి. ఆవేశంలో తలుపు తోసుకొని పోలేదాయన. మొట్టమొదట భార్యాబిడ్డల పోషణకు సరిపడా ఏర్పాటు చేశారు. పిల్లల జీవనానికి కావలసినంత మాత్రం ఉంచి మిగిలిన సొమ్మంతా పంచిపెట్టారు. మదర్సాలో తన స్థానం ఖాళీ పడకుండా తమ్ముడు అహ్మద్‌ను అక్కడ నిలిపారు. సిరియాలో ఉండిపోవాలన్నది అసలు సంకల్పం. కాని ఆ సంగతి తెలిస్తే ఖలీఫా, మిత్రులు కాళ్ళకు అడ్డం పడతారని, మక్కా యాత్రకు వెళుతున్నట్లు పైకి చెప్పారు. 1095 చివరలో, జుల్‌ఖాదా నెలలో, బాగ్దాద్ గడప దాటారు.

లోకం ఊరుకొంటుందా? ఇరాక్ పండితులు ఆయనను తప్పుపట్టారు. మతసేవకు అదే అత్యున్నతమైన స్థానం గదా, దాన్ని మతం కోసమే వదిలేవాడు ఉంటాడా అన్నది వాళ్ళ ఆలోచన. దూరాన ఉన్నవాళ్ళు పాలకులకు భయపడి పారిపోయాడనుకొన్నారు. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. 1092లో నిజాముల్ ముల్క్ హంతకుల కత్తికి బలైపోయాడు, కొద్ది వారాల్లోనే సుల్తాన్ మలిక్‌షా మరణించాడు, సింహాసనం కోసం తగాదాలు చెలరేగాయి. ఈనాటి చరిత్రకారులలో కూడా కొందరు ఈ రాజకీయాల ప్రభావం ఆయన మీద ఉండవచ్చునంటారు. ఉంటే ఉండవచ్చు. మనిషి నిర్ణయాల వెనక ఒక్క కారణమే ఉండటం అరుదు. కాని పాలకులు బ్రతిమాలుతున్నా ఆయన వాళ్ళనుంచి దూరంగా జరగటం దగ్గరగా ఉండి చూసినవాళ్ళు, ఇది మానవమాత్రుల వ్యవహారం కాదనుకొన్నారు.

దమిష్క్ (డమాస్కస్) నగరపు జామె మస్జిదులో మీనారు ఎక్కి, తలుపు మూసుకొని, పగలంతా ఆరాధనలో గడిపేవారు. నిన్నటిదాకా మూడు వందలమందికి పాఠం చెప్పిన మనిషి అక్కడ మస్జిదు ఊడ్చేవాడని కూడా చెబుతారు. అక్కడినుంచి బైతుల్ మఖ్దిస్ (జెరూసలేం) వెళ్ళి ఖుబ్బతుస్సఖ్రాలో ఏకాంతంగా ధ్యానం చేశారు. 1096లో అల్ ఖలీల్ (హెబ్రాన్) పట్టణంలో హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) సమాధి సమక్షంలో మూడు ప్రతిజ్ఞలు చేశారు. ఏ పాలకుడి కొలువుకూ వెళ్ళను, ఏ పాలకుడి సొమ్మూ ముట్టను, గెలుపు కోసం ఎవరితోనూ వాదానికి దిగను. బాగ్దాదులో తనను కట్టిపడేసిన త్రాళ్ళు ఏవేవో ఆయనకు బాగా తెలుసు. అందుకే మంచివాణ్ణవుతాను అని ఏదో పైపైన అనుకోకుండా, సరిగ్గా ఆ మూడు త్రాళ్ళనే పేరుపెట్టి మరీ కోసుకొన్నారు. ఆ తర్వాత హజ్ చేసి, మదీనాలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) రౌజాను దర్శించుకొన్నారు.

కొంతకాలానికి పిల్లల పిలుపు ఆయనను స్వస్థలానికి లాక్కొచ్చింది. ఈ విషయంలో కూడా గజాలీ గొప్పలు చెప్పుకోలేదు. సంసారపు అవసరాలు, జీవనోపాధి చిక్కులు తన ఏకాంతానికి అడ్డుపడుతూనే ఉండేవని, పూర్తి ప్రశాంతత అప్పుడప్పుడు మాత్రమే దొరికేదని, ఐనా ఆశ వదలకుండా అడ్డు తొలగినప్పుడల్లా మళ్ళీ మొదలుపెట్టేవాడినని వ్రాసుకొన్నారు. ఒకసారి తప్పింది గదా, ఇక నా వల్ల కాదులే అని చాప చుట్టేసే మనకు ఈ ఒక్క మాట చాలు.

ఈ సంవత్సరాల్లోనే ఇహ్యా ఉలూముద్దీన్ అనే మహాగ్రంథం రూపుదిద్దుకొన్నది. నాలుగు భాగాలు, నలభై ప్రకరణాలు. నమాజు, జకాత్, భోజనం, వివాహం, సంపాదన, స్నేహం, కోపం, అసూయ, సహనం, మరణం. మనిషి బ్రతుకులో దానికి అందని విషయం లేదు. అరబీ రాని సామాన్యుల కోసం దాని సారాన్ని కీమియాయే సఆదత్ అనే పేరుతో పార్సీలో వ్రాశారు. ఆనాడు గడప దాటకపోయి ఉంటే తర్కశాస్త్రంలో మరికొన్ని గొప్ప గ్రంథాలు వచ్చి ఉండేవేమో గాని, ఇహ్యా మాత్రం వచ్చేది కాదు.

చాలామంది గజాలీ కథను ఇక్కడితో ముగిస్తారు. పదవి విడిచాడు, ఫకీరు అయ్యాడు, ధన్యుడయ్యాడు అంటారు. కాని అసలు నేర్చుకోవలసిన సంగతి ఇక ముందున్నది.

పదకొండేళ్ళు గడిచాయి. ఏకాంతం అలవాటైంది. నిజాముల్ ముల్క్ కుమారుడు ఫఖ్రుల్ ముల్క్ ఖురాసానులో వజీరుగా ఉన్నాడు. నైషాపూర్ నిజామియాకు వచ్చి మళ్ళీ పాఠాలు చెప్పవలసిందని ఆయన గట్టిగా ఒత్తిడి చేశాడు. ప్రజల్లో విశ్వాసం సడలిపోతున్నదని, దానికి మందు తెలిసిన తాను మూలన కూర్చుని ఉన్నానని గజాలీకి కూడా బాధగానే ఉండేది. ఐనా కాలు కదలలేదు. నా ఒక్కడి వల్ల ఏమవుతుంది, కాలం మంచిది కాదు, జనం శత్రువులవుతారు అని మనసు మళ్ళీ పాత పాటే ఎత్తుకొన్నది.

అప్పుడు మళ్ళీ తనను తాను ప్రశ్నించుకొన్నారు. నేను ఈ ఏకాంతంలో ఎందుకు ఉన్నాను? అల్లాహ్ కోసమా, లేక సుఖానికి, బద్ధకానికి, జనంతో మాట పడకుండా గౌరవంగా ఉండవచ్చుననా? వచ్చిన జవాబు చూసి ఉలిక్కిపడ్డారు. పదకొండేళ్ళ క్రిందట కదలనివ్వని జడత్వం పదవి దుస్తులు వేసికొని వచ్చింది. ఇప్పుడు అదే జడత్వం దైవభక్తి దుస్తులు వేసికొని వచ్చింది. మొదటిసారి ఉండిపోవటం తప్పు. ఈసారి కూడా ఉండిపోవటమే తప్పు. ఉన్నచోటు మారిందంతే.

కాని ఈసారి ఆరు నెలలు ఊగిసలాడి మంచం పట్టవలసిన అవసరం రాలేదు. ఆత్మజ్ఞానులైన పెద్దలను సంప్రదించారు. అందరూ బయటికి రమ్మనే చెప్పారు. హిజ్రీ ఐదవ శతాబ్దం ముగియబోతున్నది. ప్రతి శతాబ్దపు తొలినాళ్ళలో మతాన్ని పునరుజ్జీవింపజేసేవారిని అల్లాహ్ పంపుతాడన్న హదీసు ఆయనకు ధైర్యం ఇచ్చింది. 1106లో, హిజ్రీ 499 జుల్‌ఖాదా నెలలో, నైషాపూర్ చేరి మళ్ళీ బోధన మొదలుపెట్టారు. బాగ్దాద్ విడిచింది కూడా జుల్‌ఖాదాలోనే. చాంద్రమానం ప్రకారం సరిగ్గా పదకొండేళ్ళు.

పాలకుల సొమ్ము ముట్టనని ప్రతిజ్ఞ చేసినవాడు మళ్ళీ పాలకులు పెట్టిన మదర్సాకు ఎట్లా వెళ్ళాడని ఆక్షేపించేవాళ్ళున్నారు. ఆ ఆక్షేపణలో కొంత న్యాయం ఉన్నది, కాదనలేం. కాని తాను తిరిగి వచ్చినా వెనక్కు రాలేదని గజాలీ చెప్పుకొన్నారు. ఆ రోజుల్లో పేరు సంపాదించిపెట్టే విద్య నేర్పాను, ఇప్పుడు పేరు మీది మోజు వదిలించే విద్య నేర్పుతున్నాను అన్నది ఆయన సమాధానపు సారాంశం. పని అదే, పీఠం అటువంటిదే. మారింది నియ్యత్.

కొంతకాలం తర్వాత నైషాపూర్ కూడా విడిచి తూస్ చేరుకొన్నారు. ఇంటి ప్రక్కనే విద్యార్థులకు ఒక మదర్సా, సూఫీలకు ఒక ఖాన్ఖా ఏర్పరిచారు. చివరి రోజుల్లో బాగ్దాద్ నిజామియానుంచి తిరిగి రమ్మని మళ్ళీ పిలుపు వచ్చింది. ఈసారి ఊగిసలాట లేదు. ఇక్కడ 150 మంది విద్యార్థులు నన్ను నమ్ముకొని ఉన్నారు, సంసారం ఉన్నది, పైగా అల్ ఖలీల్‌లో చేసిన ప్రతిజ్ఞ ఉన్నది అని వినయంగా వ్రాసి పంపారు. ఒకప్పుడు విడిచిపెట్టలేక ప్రాణం మీదికి తెచ్చుకొన్న ఆ పీఠాన్నే ఒక ఉత్తరం ముక్కతో కాదన్నారు. పదవి విడిచిన తర్వాత ఆయన దుస్తుల విలువ 15 ఖీరాత్‌లకు దిగిందని, అంటే ఒక్క దీనారుకు కూడా తూగదని, మొదట 500 దీనార్లు లెక్కగట్టిన లోకమే లెక్కగట్టిందట.

1111 డిసెంబరు 18, సోమవారం. తెల్లవారుజామున లేచి వుజూ చేసికొని నమాజు చేశారు. తర్వాత తన కఫన్ తెప్పించుకొని, ముద్దుపెట్టుకొని, కళ్ళకద్దుకొని, ప్రభువు సన్నిధికి వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నానని పలికి, ఖిబ్లా వైపు కాళ్ళు చాచి పడుకొన్నారు. సూర్యోదయం కాకముందే ప్రాణం వెళ్ళిపోయిందని తమ్ముడు అహ్మద్ చెప్పినట్లు చరిత్రకారులు వ్రాశారు. ఒకప్పుడు ఒక ఊరు విడవటానికి ఆరు నెలలు తటపటాయించిన మనిషి, లోకమే విడిచేటప్పుడు ఒక్క క్షణం తటపటాయించలేదు.

సోదర సోదరీమణులారా, గజాలీ చేసినట్లు మనం ఉద్యోగాలు మానేసి మీనారులెక్కి కూర్చోనక్కరలేదు. ఆయన జీవితం చెప్పేది అది కాదు. చేసేదాన్ని ఎందుకు చేస్తున్నామో, మానేసిందాన్ని ఎందుకు మానేశామో అప్పుడప్పుడు నిజాయితీగా అడగమంటున్నది. జవాబు తెలిసిన తర్వాత ఇంటివాళ్ళకు అన్యాయం జరగకుండా ఏర్పాటు చేసికొని, కట్టిపడేస్తున్న త్రాడు ఏదో దాన్ని పేరుపెట్టి గుర్తించి, తెలిసిన పెద్దలను ఒకసారి అడిగి, ఇక గడప దాటమంటున్నది. దాటాక కాలు తడబడితే, అడ్డు తొలగగానే మళ్ళీ మొదలుపెట్టమంటున్నది.

కూడబెట్టిన కొద్ది సొమ్మూ బిడ్డల చదువుకు అప్పగించిపోయిన ఆ ఉన్ని వడికే పేదవాడు చేయవలసిన పనిని రేపటికి వాయిదా వేయలేదు. వేసి ఉంటే మనం ఈనాడు ఈ కథ చెప్పుకొనేవాళ్ళం కాదు. తెలిసిన మంచిని తెలిసిన రోజునే మొదలుపెట్టే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.